ఓర్తా సరస్సు: చచ్చి బ్రదికిన నీరు

ఇటలీదేశమునకు ఉత్తరమున ఆల్ప్సు పర్వతములు గోడకట్టినట్లు నిలిచియున్నవి. ఆ కొండల పాదముల చెంత పొడవైన సరస్సులు కొన్ని గలవు. గార్దా, కోమో, మజ్జోరే అను పెద్ద సరస్సుల పేళ్లు దేశాటనము చేయువారందఱును ఎఱిగినవే. మజ్జోరే సరస్సునకు పడమటగా, మొత్తరోనే యను కొండకు ఆవలిప్రక్కను, ఓర్తా యను చిన్న సరస్సొకటి యున్నది. దాని తూర్పుటొడ్డున, నీటిలోనికి చొచ్చుకొనివచ్చిన కొండకొన మీద, ఓర్తా సాన్ జూలియో అను చిన్న పట్టణము గలదు. అచ్చటి జనసంఖ్య వేయికి కొంచెము మించినది మాత్రమే.

ఈ నెల మా సోదరీమణులకు ఆ యూరి కథ చెప్పదలచితిమి. ఊరు చిన్నదైనను కథ చిన్నది కాదు. ఇందు నీటిపై నడచిన సాధువు గలడు. కోటలో చిక్కిన రాణి గలదు. కొండనిండ బొమ్మలు గలవు. అన్నిటికంటెను ముఖ్యముగా, మనము కట్టుకొను బట్టతో సంబంధముగల యొక కీడును, దానికి జరిగిన ప్రాయశ్చిత్తమును గలవు.

ముందుగా సరస్సు పుట్టుకను గూర్చి రెండు మాటలు. వేలకొలది యేండ్ల క్రిందట ఆల్ప్సు కొండలనుండి దిగివచ్చిన మంచుగడ్డల ప్రవాహ మొకటి నేలను దొలిచి ఈ లోయను చేసినది. ఆ మంచు కరగిపోవునపుడు తాను మోసికొనివచ్చిన ఱాళ్లను, మట్టిని దక్షిణపుకొనయందు గుట్టగా విడిచిపోయినది. ఆ గుట్టయే సరస్సునకు కట్టయైనది. సరస్సు పొడవు ఇంచుమించు 13 కిలోమీటర్లు. మిక్కిలి వెడల్పైన చోట రెండున్నర కిలోమీటర్లు. మిక్కిలి లోతైన చోట 143 మీటర్లు. సముద్రమట్టమునకు 290 మీటర్ల యెత్తున నున్నది. చుట్టును చెస్ట్‌నట్టు చెట్ల యడవులు, పచ్చికబయళ్లు, వాలుల మీద పల్లెలు.

ఆ ప్రాంతపు పెద్ద సరస్సుల నీరు దక్షిణముగా పో యను మహానది వైపు పాఱును. ఓర్తా సరస్సునకు దక్షిణమున కట్ట అడ్డమగుటచే దాని నీరు ఉత్తరముగా, అనగా పర్వతముల వైపే, బయలుదేఱును. ఉత్తరపుకొనయందలి ఓమేన్యా పట్టణము నడుమ నిగోల్యా యను కాలువగా పాఱి, స్త్రోనా, తోచే యను నదులలో కలిసి, చుట్టు తిరిగి మజ్జోరే సరస్సును చేరును. ఏఱు ఎదురెక్కు ఊరు మాది యని ఓమేన్యావారు గర్వపడుదురు.

ఇంకొక సంగతి కూడ మా సోదరీమణులు గుర్తుంచుకొనవలెను. ఈ సరస్సులోనికి పెద్దనది యేదియు వచ్చి పడదు. చిన్న వాగులును, వాననీరును మాత్రమే దీనిని నింపును. కావున లోని నీరంతయు ఒకసారి మాఱుటకు సుమారు పదేండ్లు పట్టును. ప్రవహించు నదిలో పడిన మురికి నాలుగునాళ్లలో కొట్టుకొనిపోవచ్చును. ఇచ్చట పడినది ఏండ్లతరబడి నిలిచియుండును. కథలో ముందుముందు ఈ మాటతో పని గలదు.

ఓర్తా పట్టణపు రచ్చబావి యన దగినది మొత్తా చౌకు. మూడుప్రక్కల పాతయిండ్లు, నాల్గవప్రక్క సరస్సు. చౌకునందు 1582 సంవత్సరమున కట్టిన యొక చిన్న భవనము స్తంభములపై నిలిచియున్నది. అచ్చట నొకప్పుడు ఆ తీరగ్రామముల పెద్దలు సభ దీర్చెడివారు. మధ్యయుగములనుండి 18వ శతాబ్దము వఱకు ఈ సీమ నొవారా పట్టణపు బిషప్పుల యేలుబడిలో నుండెను. అయినను గ్రామములవారు తమ కట్టుబాట్లను తామే చేసికొని, తమ పెద్దలను తామే యెన్నుకొనుచు వచ్చిరి. పట్టణపు వీథులు బహు ఇఱుకు. పడవలవారు చౌకుముందఱ యాత్రికులకొఱకు కనిపెట్టుకొనియుందురు.

ఆ పడవ లేగునది చౌకునకు ఎదురుగా, నాలుగువందల మీటర్ల దూరమున నున్న సాన్ జూలియో ద్వీపమునకు. ద్వీప మనిన పెద్దది గాదు. పొడవు 275 మీటర్లు, వెడల్పు 140 మీటర్లు. ఒడ్డునుండి చూచిన నీటిపై తేలు రాతిపెట్టెవలె కానవచ్చును.

ఈ ద్వీపమును గూర్చి యొక పురాణగాథ గలదు. నాల్గవ శతాబ్దము చివర గ్రీసుదేశపు ఏజీనా ద్వీపమునుండి జూలియో, జూలియానో అను అన్నదమ్ములు వచ్చిరట. వారు ఊరూర దేవాలయములు కట్టుచు తిరిగెడివారు. తొంబదితొమ్మిదవ దేవాలయమును సరస్సునకు దక్షిణముననున్న గొజ్జానో గ్రామమున కట్టుచుండగా, జూలియో నూఱవదానిని ఈ ద్వీపముమీద కట్ట సంకల్పించెను. ద్వీపమునిండ విషసర్పము లుండుటచే పడవవాడెవడును తీసికొనిపోనన్నాడు. అంతట నాతడు తన పైవస్త్రమును నీటిమీద పఱచి, దానిపై నిలిచి, చేతికఱ్ఱ చుక్కానిగా ద్వీపమును చేరి, సర్పములను వెడలగొట్టెనట. యమునామడుగున కాళియుని అణచిన కథ విని పెరిగిన మనకు ఈ కథ క్రొత్తగా తోపదు. ఆ దేవాలయమున నేటికిని ఒక పెద్ద వెన్నుపూస వ్రేలాడుచున్నది. అది ఆ సర్పములలో నొకదానిదని భక్తులు చెప్పుదురు. ఇప్పుడున్న కట్టడము మాత్రము 12వ శతాబ్దము నాటిది. అందు నల్లని పచ్చఱాతితో చెక్కిన ఉపన్యాసవేదిక శిల్పమెఱిగినవారు మెచ్చునది.

ద్వీపమునకు చరిత్రయు గలదు. 962 సంవత్సరమున జర్మనీ ప్రభువైన ఒట్టో చక్రవర్తి ఇటలీరాజగు రెండవ బెరెంగారుపై దండెత్తెను. రాజు వేఱుచోట తలదాచుకొనగా, రాణి విల్లా ఈ ద్వీపదుర్గమున నిలిచి ముట్టడిని ఎదుర్కొన్నది. ఇంచుమించు రెండునెలలు తాళి, తుదకు లోబడినది. చక్రవర్తి ఆమెకు హాని సేయక విడిచిపుచ్చెను. ముట్టడి జరుగుచుండగనే కోటలోని యొక వీరుని భార్యకు మగశిశువు కలిగెను. శత్రువైన చక్రవర్తియే ఆ బిడ్డకు జ్ఞానస్నానమున ధర్మపిత యయ్యెనట. ఆ శిశువే పెరిగి వోల్పియానో గుల్యెల్మో అను పేర ఫ్రాన్సుదేశమున మఠములను సంస్కరించి, 1031 లో కాలము చేసెను.

పట్టణమునకు వెనుకనున్న కొండను 'పవిత్రగిరి' యందురు. అస్సీసీ పురవాసియైన ఫ్రాన్సిస్ మహాత్ముని జీవితమును చూపుచు, 1590 లో మొదలిడి తరతరములుగా అచ్చట ఇరువది మందిరములు కట్టిరి. ఒక్కొక్క మందిరమున నొక్కొక్క ఘట్టము. మొత్తము 376 మట్టిబొమ్మలు, మనుష్యప్రమాణమున కాల్చి రంగులు వేసినవి. మన సంక్రాంతి బొమ్మలకొలువును ఎవరో దేవతలు ఒక కొండనిండ పేర్చినట్లు ఊహించుకొనవచ్చును. 2003 లో ఐక్యరాజ్యసమితి విద్యావిజ్ఞాన సంస్థ, పీడ్మాంటు, లొంబార్డీ సీమలలోని ఇట్టి తొమ్మిది గిరులను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. వానిలో నిది యొకటి.

ఇంతవఱకు చెప్పినది యాత్రికులకు కానవచ్చు ఓర్తా. ఇక కానరాని కథ.

పట్టణములోనికి పోవుదారిని తురుష్కుల గోపురమువంటి శిఖరముతో నొక విచిత్రభవనము గలదు. 1879 లో క్రెస్పీ యను ప్రత్తివ్యాపారి తాను చూచివచ్చిన తూర్పుదేశముల వాస్తువును తలచుకొని దానిని కట్టించెను. బట్టవలన వచ్చిన ధనము ఆ తీరమున తొలుత నిట్లు మేడగా వెలసినది. తరువాత బట్టవలన వచ్చినది వేఱు.

1926 లో సరస్సు దక్షిణపుకొననున్న గొజ్జానోయందు కృత్రిమపట్టు కర్మాగారమొకటి వెలసెను. పురాణములో జూలియానో తొంబదితొమ్మిదవ దేవాలయము కట్టిన గొజ్జానోయే అది. కృత్రిమపట్టనగా రేయాను, మన యంగళ్లలో చిరకాలము 'ఆర్టుసిల్కు' అను పేర అమ్మిన మెఱుపుబట్ట. పట్టుపురుగు పట్టు కొనలేని గుమాస్తా యిల్లాలికి గూడ పట్టుమెఱుపు దొరకినది దీనివలననే. అట్టి బట్టను కోరుట తప్పని మే మనము. పండుగనాడు బిడ్డకు మెఱయు పరికిణీ కుట్టింపవలెనని యే తల్లికి ఉండదు?

ఆ కర్మాగారపు పద్ధతి యిది. ప్రత్తినుండి దూది తీసిన పిమ్మట గింజకు అంటియుండు పొట్టినూగును రాగియు అమ్మోనియాయు కలిపిన ద్రవమున కరగించెదరు. ఆ ముద్దను సన్నని రంధ్రములగుండ నీటిలోనికి వదలగా పట్టువంటి దారము వచ్చును. దారము తయారైన పిమ్మట మిగిలిన నీటిలో రాగియు, అమ్మోనియాయు ఉండును. ఆ నీటిని సరస్సులో వదలిరి.

రాగిబిందెలో నీరు త్రాగుట మనకు మంచి యలవాటే గదా యని మా సోదరీమణులు అడుగవచ్చును. మనిషికి హాని చేయని స్వల్పపు రాగియే నీటిలోని కంటికి కానరాని నాచుకు విషము. నాచు చచ్చిన దానిని తిను పురుగులు చచ్చును. పురుగులు చచ్చిన వానిని తిను చేపలు చచ్చును. రెండుమూడేండ్లు గడచునప్పటికి, ఎన్నో తరములుగా వలలు వేసి బ్రదికిన బెస్తల సరస్సున చేపలు లేకపోయినవి.

ఈ సంగతిని లోకమునకు శాస్త్రరీత్యా తెలిపిన వారిలో ముఖ్యురాలు ఒక స్త్రీ. ఆమె పేరు రీనా మోంతి. 1871 లో పుట్టిన ఈమె ఇటలీరాజ్యమున విశ్వవిద్యాలయ ఆచార్యపీఠము నెక్కిన మొదటి మహిళ యందురు. సరస్సులలోని జీవకోటిని శోధించుట ఆమె పని. 1930 లో ఆమె ఓర్తా సరస్సున జీవము క్రమక్రమముగా నశించిపోవుటను గూర్చి యొక వ్యాసము ప్రకటించెను. ముస్సోలినీ పాలనలో, పరిశ్రమలు దేశగౌరవమునకు గుర్తులుగా నెంచబడు దినములలో, ఆమె యీ సాక్ష్యమును వ్రాసియుంచినది. 1937 లో ఆమె కాలము చేసినది. కర్మాగారము నడచుచునే యుండెను.

ఆ తరువాత అమ్మోనియా తన పని తాను చేసినది. నీటిలోని సూక్ష్మజీవులు దానిని ప్రాణవాయువుతో కలిపి నత్రికామ్లముగా మార్చినవి. ఏటేట సరస్సు పుల్లబడజొచ్చినది. తుదకు నీటి పులుపు ఇంచుమించు టమాటారసపు పులుపంత యయ్యెను. పులిసిననీట రాగి మఱింత సులభముగా కరగియుండి, మఱింత విష మగును. పైగా ఉత్తరపుకొనయందలి ఓమేన్యా ప్రాంతపు లోహకర్మశాలలు తమ కడుగునీటితో క్రోమియము, నికెలు మొదలగువానిని చేర్చినవి.

ఓమేన్యా మాట వచ్చినది గనుక చెప్పుదుము. అది వంటపాత్రలకు ప్రసిద్ధికెక్కిన యూరు. 1933 లో బియాలెత్తి యను నాతడు ఆ ప్రాంతముననే 'మోకా' యను కాఫీపాత్రను వెలువరించెను. మన ఫిల్టరులో నీరు పైనుండి క్రిందికి దిగును. మోకాలో ఆవిరి త్రోయగా నీరు క్రిందినుండి పైకెక్కును. ఏఱు ఎదురెక్కు ఊరివారికి తగిన పాత్రయే. పిల్లల కథలు వ్రాసి 1970 లో ఆండర్సన్ బహుమానమందిన జాన్ని రోదారి 1920 లో పుట్టినది గూడ ఆ యూరనే. మెఱయుబట్ట, మెఱయుపాత్ర — రెండును ఇల్లాండ్ర ముంగిట చేరినవి. వాని కడుగునీళ్లు మాత్రము సరస్సున చేరినవి.

ఇందు మాకు మిక్కిలి వింతగా తోచునది యొకటి గలదు. ఇన్ని దశాబ్దములును సరస్సు అందము చెడలేదు. కొండలు అట్లే ప్రతిబింబించెడివి. ద్వీపము వెన్నెలలో అట్లే తేలెడిది. యాత్రికులు వచ్చి, చూచి, మెచ్చుకొని పోయెడివారు. వలవేసిన బెస్తకును, నీటిబొట్టును సూక్ష్మదర్శినిలో చూచిన ఆచార్యురాలికిని తప్ప, అది చచ్చిన నీరని పైకి తెలియదు. చూపునకు బాగున్నదెల్ల బాగున్నట్లు గాదు. ఇంటిలో నవ్వుమొగముతో తిరుగు కోడలి కడుపులోని బాధను కనిపెట్టుటకు దగ్గఱనుండి చూచువారు కావలెను. నీటి సంగతియు నంతే.

1950వ దశకపు చివర కర్మాగారమువారు రాగిని తిరిగి పట్టుకొను నేర్పాటు చేసికొనిరి. 1976 లో ఇటలీ ప్రభుత్వము నీటిని కలుషితము చేయుటకు అడ్డుకట్టగా శాసనము చేసెను. 1980 ప్రాంతమున అమ్మోనియా కూడ నిలిచినది. అయినను సరస్సు కోలుకొనలేదు. ముందు చెప్పిన మాట ఇచ్చట జ్ఞప్తికి తెచ్చుకొనవలెను: నీరు మాఱుటకు పదేండ్లు పట్టు సరస్సిది. విషము పోయుట ఆగినను పోసిన విషము పోలేదు. లోపలి పులుపు తనంతట తాను తగ్గుటకు ఇంకను ఎన్నో యేండ్లు కావలసియుండెను.

అప్పుడు మజ్జోరే తీరమునందలి పల్లాంత్సా పట్టణపు జలజీవశాస్త్ర సంస్థవారు ఒక వైద్యము నాలోచించిరి. ఆ సంస్థ 1938 లో దే మార్కీ యను శాస్త్రజ్ఞుని స్మారకముగా నేర్పడినది. వారి మందు కొండంత శాస్త్రమునుండి వచ్చినను, వస్తువు మాత్రము మన తాంబూలపు పళ్లెములోని సున్నమునకు చుట్టమే. పులుపును విఱుచుటకు సున్నపురాతిని మించినది లేదు. 1989 మే నెల మొదలు 1990 జూను వఱకు, పదివేల టన్నులకు పైగా సున్నపురాతిపొడిని నీట కలిపి, పడవమీదనుండి సరస్సంతట చల్లిరి. అంత పెద్ద సరస్సునకు అట్టి వైద్యము అంతకుముందు జరిగియుండలేదు.

ఫలితము కనబడినది. పులుపు విఱిగినది, కరగియున్న రాగి అడుగునకు దిగినది. మొదట నాచు, పిమ్మట నీటిపురుగులు, పిమ్మట చేపలు ఒక్కొక్కటిగా మరలివచ్చినవి. అరువదియేండ్లకు పైబడి చచ్చియున్న నీరు బ్రదికినది. అయితే అడుగుబురదలో లోహము లింకను నిలిచియున్నవి. అందువలననే శాస్త్రజ్ఞులు ఆ సరస్సును కనిపెట్టుచునే యున్నారు. మూడేండ్లలో జరిగిన చెఱుపును సరిచేయుటకు రెండుతరములు చాలలేదు.

నేడు మన దేశమున దొరకు రేయాను చాలవఱకు వేఱు పద్ధతిని తయారగునది. దానిలో రాగి యుండదు. కాని గంధకముతో కూడిన విషద్రవమొకటి దానికిని కావలయును. దారమేదైనను, రంగేదైనను, కడిగిన నీరు ఎచ్చటికో పోవలసినదే. అది యెచ్చటికి పోవుచున్నదని అడుగుట బేరమాడునంతటి హక్కే. అంగడివానికి సమాధానము తెలియకపోవచ్చును. పదిమంది యిల్లాండ్రు అడిగిన తెలిసికొనవలసి వచ్చును.

ఈ కథకు బట్టతో ముడిపడిన కడపటి ముచ్చట యొకటి మిగిలియున్నది. 1973 లో అన్నామరియా కానోపి యను సన్న్యాసిని మఱికొందఱు సోదరీమణులతో సాన్ జూలియో ద్వీపమునకు వచ్చి బెనెడిక్టు సంప్రదాయపు మఠమును స్థాపించెను. ఆమె 2019 లో పరమపదించినది. ఆ మఠపు సన్న్యాసినుల పనులలో నొకటి జీర్ణించిన ప్రాచీనవస్త్రములను బాగుచేయుట. శతాబ్దముల నాటి జరీబట్టను విప్పి, దుమ్ము తీసి, చిరిగిన చోట సన్నని దారముతో పోగు పోగుగా కూర్చుదురు. ఒక్కొక్క వస్త్రమునకు ఎంతకాలము పట్టినను వారికి తొందఱ లేదు.

జూలియో సాధువు బట్టపఱచి సర్పములను వెడలగొట్టెనన్నది కథ. బట్టకొఱకు సరస్సున విషము కలిసినది చరిత్ర. చిరిగినదానిని ఓర్పుతో కుట్టుచున్న స్త్రీలు నేటికిని ఆ నీటినడుమ నున్నారు. మా సోదరీమణులలో ఎవరైన ఇటలీయందున్న బిడ్డలను చూడబోయినచో, నొవారానుండి దొమోదొస్సొలాకు పోవు రైలులో ఓర్తా–మియజీనో స్టేషనున దిగి, కొండదిగి ఆ చౌకునందు కాసేపు కూర్చుండవలెనని మా కోరిక. అందమును చూడుడు. చేపలు గూడ కనబడునేమో చూడుడు.